కళ్ళజోడుకు చెమట పడితే

మన భాషలో కళ్ళజోడుకు సులోచనాలు అని మరో పేరు వుంది. సంస్కృతంలో సులోచన అంటే అందమైన కన్నులు గల స్త్రీ. ఆ మాటను తెచ్చి రెండు గాజు బిళ్ళలకు తగిలించిన పెద్దమనిషి ఎవరో గాని, ఆయన వాటిని పెట్టుకుని ఎన్నడూ పరుగెత్తి వుండడని నా నమ్మకం. పరుగెత్తి వుంటే అయిదో నిమిషంలోనే ఆ పేరు వెనక్కి తీసుకునేవాడు.

కళ్ళజోడు అవసరం లేని అదృష్టవంతులకు ఈ బాధ ఎల్లా వుంటుందో కొంచెం చెప్పాలి. తెల్లవారుజామున లేచి ఆటస్థలానికి వెళతాం. ఆట మొదలవుతుంది. వొంట్లో వేడి పుడుతుంది. కణతల మీద చెమట పొడుస్తుంది. అంతవరకూ బాగానే వుంటుంది. వూపిరి తీసుకుందామని ఒక్క క్షణం ఆగుతాం. అంతే! కళ్ళముందు తెల్లని తెర దిగుతుంది. ఎదురుగా వున్నది మనిషో, వల కట్టిన గుంజో పోల్చుకోలేం. జోడు తీసి చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టుకుంటాం. రెండు నిమిషాలకు మళ్ళీ అదే తెర. కాసేపటికి చొక్కా కూడా తడిసి ముద్దవుతుంది గనుక, తుడుచుకోవడానికి పొడి గుడ్డ అనేది వొంటిమీద మిగలదు.

నాకు పదకొండో ఏటినుంచీ కళ్ళజోడు వుంది. ఇప్పుడు రెండు కళ్ళకూ మైనస్ అయిదు. కృష్ణ వొడ్డున వున్న ఒక కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ, రోజూ వుదయం ఒక గంట షటిల్ ఆడుతూ వుంటాను. నా ఆట చెప్పుకోదగినది కాదు. నేను ఓడిపోతే ఎవరికీ నష్టం లేదు. అయితే కిందటేడు మా కళాశాలలో జరిగిన ఒక సంగతి చూసిన తరవాత, ఈ తెర సంగతి నవ్వి వూరుకోదగింది కాదనిపించింది.

బి.ఎ. రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి వుండేది. పల్లెనుంచి బస్సులో వచ్చి చదువుకునే పిల్ల. షటిల్ చాలా బాగా ఆడేది. ఆరుబయట ఆడినన్నాళ్ళూ ఆమెకు ఎదురు లేదు. అంతర కళాశాలల పోటీలకు జట్టును ఎంపిక చేసే రోజున మాత్రం, తలుపులు మూసిన హాల్లో ఆడించారు. మొదటి గేము గెలిచింది. రెండో గేములో అందుకోవలసిన కాక్‌లన్నీ నేలమీద పడ్డాయి. ఎంపిక చేయడానికి వచ్చిన ఒకాయన, "చూపు ఆనని పిల్ల, జట్టుకు బరువు" అని తేల్చేశారు. మరొకాయన జాలిపడి, "జోడు తీసేసి ఆడమ్మా" అన్నారు. ఇంటి దగ్గర తల్లి, "కంటికి దెబ్బ తగిలించుకుంటావా యేమిటి? ఇక చాలు" అన్నదట.

మర్నాడు ఆ అమ్మాయి రాకెట్టు తెచ్చి నా బల్లమీద పెట్టింది.

"ఇది కాలేజీదండీ మాస్టారూ. పి.డి. గారు కనపడలేదు. మీరు అప్పజెప్పండి."

"ఏమ్మా, మానేస్తున్నావా?"

"నాకు కళ్ళు కనపడవు గదండీ."

"ఆరుబయట కనపడే కళ్ళు హాల్లో ఎందుకు కనపడలేదు?"

అమ్మాయి మాట్లాడలేదు. ఆమె కళ్ళకు కొత్త జబ్బేమీ రాలేదు. జోడు ఆమె చూపుకు సరిపోయినదే. కంటికీ కాక్‌కూ మధ్య అడ్డుపడినది పలచని నీటిపొర. ఆ మాట ఎంపిక చేసిన పెద్దలకూ తోచలేదు, ఆమెకూ తోచలేదు. రాకెట్టు నా దగ్గరే వుంచుకుని, భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడి గదికి ఆమెను వెంటబెట్టుకు వెళ్ళాను.

మంచు కురవదు, పడుతుంది

మా మిత్రుడు ముందుగా చన్నీళ్ళ చెంబు తెప్పించి బల్లమీద పెట్టాడు. కాసేపటికి చెంబు పైన చెమటలాగ నీటిబొట్లు కనిపించాయి. "ఈ నీరు చెంబులోంచి రాలేదు. ఈ గదిలో గాలిలోంచి వచ్చింది" అన్నాడు.

గాలిలో ఎప్పుడూ కంటికి కనిపించని నీటి ఆవిరి వుంటుంది. గాలి ఎంత వేడిగా వుంటే అంత ఎక్కువ ఆవిరిని మోయగలదు. 35 డిగ్రీల వేడి వున్న ఒక ఘనపు మీటరు గాలి సుమారు 40 గ్రాముల ఆవిరిని మోస్తుంది. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములకు మించి మోయలేదు. మిగిలిన 23 గ్రాములూ నీళ్ళయి, దగ్గరలో చల్లగా వున్న దేనిమీదనో చేరుతుంది. గడ్డిపోచ మీద చేరితే మనం మంచు అంటాం. కవులు దానికి తుషారమనీ, నీహారమనీ, ప్రాలేయమనీ ఎన్ని పేర్లైనా పెట్టారు. కళ్ళజోడు మీద చేరితే మాత్రం ఏ కవీ పలకరించడు.

మనం "మంచు కురిసింది" అంటాం. పూర్వం చాలామంది అది ఆకాశంనుంచి వానలాగా పడుతుందని అనుకునేవారు. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు 1814లో మంచును గురించి ఒక గ్రంథం ప్రచురించి, అది కురిసేది కాదనీ, రాత్రి చల్లబడిన వస్తువుల మీద గాలిలోని ఆవిరే నీరుగా పేరుకుంటుందనీ నిరూపించాడు. "అద్దానికి మంచు పట్టింది" అనే మన వాడుకే శాస్త్రానికి దగ్గరగా వుందన్న మాట.

ఇక ఆటగాడి సంగతి. కష్టపడి ఆడే మనిషికి గంటకు లీటరు చెమట పట్టడం మామూలే. ఎండవేళల్లో అంతకు మించి కూడా పడుతుంది. ఆ చెమటలో కొంత ముఖం మీదనే ఆవిరవుతుంది. ముఖానికీ అద్దానికీ మధ్య వున్న సందు ఒక చిన్న గది వంటిది. ఆ గదిలో గాలి వేడిగా, ఆవిరితో నిండి వుంటుంది. అద్దానికి బయటివైపు చల్లగాలి తగులుతూ వుంటుంది. అందుచేత చన్నీళ్ళ చెంబుకు బయట జరిగిందే, కళ్ళజోడుకు లోపల జరుగుతుంది.

పరుగెత్తుతున్నంతసేపూ ఇది ఎక్కువగా బాధించదు. మన కదలిక వల్ల ఆ సందులోకి గాలి వీచి ఆవిరిని వూడ్చుకుపోతుంది. ఆగామా, గాలి ఆగుతుంది, చెమట మాత్రం ఆగదు. తెర దిగేది ఎప్పుడూ పరుగులో కాక విరామంలోనే కావడానికి కారణం ఇదే.

ఆరుబయట కనపడిన కళ్ళు హాల్లో ఎందుకు కనపడలేదో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. షటిల్ కాక్ 5 గ్రాముల బరువుండే ఈకల గుత్తి. ఏ కాస్త గాలి వీచినా పక్కకు కొట్టుకుపోతుంది. అందుకని హాల్లో పంకాలు ఆపుతారు, తలుపులు మూస్తారు. పదిమంది చెమటలూ, పదిమంది వూపిరులూ ఆ నాలుగు గోడల మధ్యే తిరుగుతాయి. కోస్తా జిల్లాల్లో వానాకాలపు గాలి అసలే తడిగా వుంటుంది. నడివేసవిలో రాయలసీమలో మధ్యాహ్నంపూట పరుగెత్తినవాడికి చెమట ధారలు కట్టవచ్చు గాని, ఆ పొడిగాలిలో అద్దానికి ఆవిరి పట్టడం అరుదు.

చల్లని ఏ.సి. గదిలోంచి బయటికి రాగానే జోడు మసకబారడం కూడా ఇల్లాంటిదే. అయితే అక్కడ తడి ముందుగా పట్టేది బయటివైపున. అద్దం గదిలో చల్లబడి వుంటుంది, వీధిలో గాలి వేడిగా తడిగా వుంటుంది. ఏ.సి. కారులోంచి దిగి వెంటనే ఆటకు వెళ్ళేవారు పది నిమిషాలు ముందుగా దిగితే చాలు, అద్దం వేడెక్కి ఆ బాధ దానంతట అదే పోతుంది.

బొట్టుగా వుంటే తెర, పొరగా వుంటే అద్దం

ఇక్కడ అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "నీళ్ళు తేటగానే వుంటాయి గదండీ, మరి అద్దం మీద తెల్లగా ఎందుకు కనిపిస్తాయి?"

అద్దానికి పట్టిన ఆవిరి ఒకే పొరగా పరుచుకోదు. వేలకొద్దీ చిన్న చిన్న బొట్లుగా నిలబడుతుంది. నీటికి తనలో తాను ముడుచుకుని గుండ్రంగా వుండే గుణం వుంది. దానినే పాఠ్యపుస్తకాల్లో తలతన్యత అంటారు. తామరాకు మీద నీటిబొట్టు ముత్యంలాగా దొర్లేది దానివల్లనే. అద్దం మీద కొంచెం చేతి జిడ్డు వున్నా నీరు మరింతగా ముడుచుకుంటుంది. ఒక్కొక్క బొట్టూ వెలుతురును ఒక్కొక్క దిక్కుకు చెదరగొడుతుంది. అన్నీ కలిసి తెల్లని తెర అవుతాయి. అదే నీరు సమంగా, పలచగా, ఒకే పొరగా పరుచుకుంటే దానిగుండా చూపు నిక్షేపంగా సాగుతుంది.

కాబట్టి నీటిని ముడుచుకోనివ్వకుండా చేస్తే చాలు. ఆ పని సబ్బు చేస్తుంది. సబ్బు తగిలిన నీటికి తలతన్యత తగ్గి, బొట్టు కట్టకుండా పరుచుకుంటుంది. సముద్రంలో మునిగేవాళ్ళు ముఖానికి పెట్టుకునే అద్దంలో వుమ్మి రాసి కడిగి పెట్టుకోవడం చాలాకాలంగా వున్న అలవాటు. వినడానికి అసహ్యంగా వున్నా, అదీ ఈ పనే చేస్తుంది.

ఇంత చిన్న విషయం ఆకాశానికెక్కిన మనిషిని కూడా అవస్థ పెట్టింది. 1966 జూన్ 5న అమెరికా వ్యోమగామి యూజీన్ సెర్నన్ జెమినీ నౌకనుంచి బయటికి వచ్చి, శూన్యంలో రెండు గంటల పైచిలుకు వున్నాడు. పని కష్టం వల్ల వొళ్ళంతా చెమట పట్టింది. శిరస్త్రాణపు అద్దం లోపలివైపున మసకబారిపోయింది. తుడుచుకుందామంటే చేయి లోపలికి పోదు. ముక్కుతో అద్దాన్ని రుద్ది చిన్న కంత చేసుకుని, దాంట్లోంచి చూసుకుంటూ నౌకలోకి వచ్చిపడ్డాడు. చేయవలసిన ముఖ్యమైన పరీక్ష మానుకోవలసి వచ్చింది. ఆ తరవాతి యాత్రల్లో బయటికి వెళ్ళబోయే ముందు అద్దానికి లోపల సబ్బువంటి ద్రావకం పూయడం ఆరంభించారు. చందమామను అందుకోబోయే శాస్త్రజ్ఞులు చివరికి సబ్బునే ఆశ్రయించారు!

వైద్యులకూ ఇదే కిటుకు పనికివచ్చింది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని శస్త్రచికిత్స చేసే డాక్టర్లకు తమ వూపిరే అద్దాలకు అడ్డం. సబ్బునీళ్ళతో జోడు కడిగి, నీళ్ళు విదిల్చి, గాలికి ఆరనిచ్చి పెట్టుకుంటే మసక పట్టదని 2011లో ఇంగ్లండులోని శస్త్రవైద్యుల పత్రిక ఒకటి ప్రచురించింది. 2020లో కరోనా వచ్చి లోకమంతా మాస్కులు కట్టుకున్నప్పుడు ఆ చిట్కా ఇంటింటికీ పాకింది.

చేయవలసిన విధానం

నేనూ ఆ అమ్మాయీ కొన్ని వారాలపాటు రకరకాలుగా చేసి చూశాం. చివరికి తేలిన పద్ధతి ఇది.

ఆటకు వెళ్ళబోయే ముందు జోడును మంచినీళ్ళ ధార కింద పట్టి దుమ్ము పోగొట్టాలి. తరవాత గిన్నెలు తోముకునే ద్రవపు సబ్బు ఒక్క బొట్టు వేలికొసన తీసుకుని, అద్దాలకు రెండువైపులా పలచగా రాయాలి. మామూలు సబ్బుబిళ్ళైనా ఫరవాలేదు గాని, చర్మం మెత్తబడడానికి నూనెలు కలిపిన రకం వద్దు. పిదప నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, విదిల్చి, నీడలో ఆరనివ్వాలి. చారలు కనిపిస్తే మెత్తని శుభ్రమైన నూలుగుడ్డతో తేలికగా అద్దాలి. అద్దం తేటగా కనిపించాలి, సబ్బు కంటికి కనిపించకూడదు. ఇది ఆ పూట ఆటకు సరిపోతుంది. మర్నాడు మళ్ళీ చేసుకోవాలి.

సబ్బు ఎక్కువైతే పనిచేయకపోగా కంటికి ముప్పు. చెమటతో కలిసి కంట్లోకి దిగుతుంది. 2001 ఏప్రిల్‌లో క్రిస్ హాడ్‌ఫీల్డ్ అనే కెనడా వ్యోమగామికి అంతరిక్షంలో పనిచేస్తూ వుండగా, అద్దానికి పూసిన ఆ ద్రావకమే కంట్లో పడి, కొంతసేపు రెండు కళ్ళూ కనిపించకుండా పోయాయి. తలంటినాడు కుంకుడు రసం కంట్లో పడ్డ అనుభవం వున్న మనవాళ్ళకు ఆయన బాధ వేరే వివరించనక్కరలేదు. కుంకుడుకాయలో కూడా నురగ కట్టే గుణం వుంది గనుక అది అద్దానికి పనికిరాదా అని అమ్మాయి అడిగింది. పని చేయవచ్చు గాని, కంటి దగ్గర దానితో సాహసం వద్దన్నాను.

పళ్ళపొడీ, పేస్టూ రుద్దమని చెప్పేవాళ్ళున్నారు. వాటిలో వున్న గరుకుపదార్థం ఇప్పటి ప్లాస్టిక్ అద్దాలను గీతలపాలు చేస్తుంది. చొక్కా అంచుతోనూ, పమిటకొంగుతోనూ పొడిగా తుడవడం కూడా అంతే. ఆవిరి పట్టకుండా కార్ఖానాలోనే పూత వేసిన అద్దాలు దొరుకుతున్నాయి. వాటిని వేలితోగాని గుడ్డతోగాని రుద్దకూడదు. ఈదేవాళ్ళు పెట్టుకునే జోళ్ళకు లోపల వుండేదీ ఇల్లాంటి పూతే. మసక పట్టగానే లోపల వేలు పెట్టి తిప్పితే ఆ పూత కాస్తా వేలికి వచ్చేస్తుంది.

సబ్బు తరవాత గాలి సంగతి చూడాలి. జోడు కనుబొమలకూ చెంపలకూ ఆనుకుని వుంటే లోపలి ఆవిరికి బయటపడే దారి వుండదు. కళ్ళజోళ్ళ దుకాణంలో ముక్కుమీది మెత్తలను సరిచేయించి కాస్త ఎడంగా వుండేలా చేయించుకోవాలి. జారిపోకుండా వెనక ఒక పట్టీ కట్టుకోవాలి. నుదుటికి నూలు పట్టీ చుట్టుకుంటే చెమట అద్దందాకా రాకముందే ఆగుతుంది. పాయింటు పాయింటుకూ మధ్య ఆగినప్పుడు జోడును ముక్కు కొసదాకా జార్చి రెండు వూపిరులు తీసుకుని మళ్ళీ పైకి తోసుకుంటే, ఆ చిన్న గదికి కిటికీ తెరిచినట్టే. మంచుకొండల మీద జారే ఆటలాడేవాళ్ళ జోళ్ళకు రెండు పొరల అద్దాలూ, అంచున గాలికంతలూ వుంటాయి. మధ్య వున్న గాలిపొర చలిని లోపలి అద్దందాకా రానివ్వదు. మనకు అంత హంగామా అక్కరలేదు.

తీసి ఆడమనేవారికి

కాంటాక్టు లెన్సులు పెట్టుకోవచ్చు గదా అంటారు. డాక్టరు సరేనంటే, రోజూ వాటిని శుభ్రంగా చూసుకునే ఓపిక వుంటే పెట్టుకోవచ్చు. వాటితో ఈతకు మాత్రం దిగకూడదు. అయితే అవి కంటిని దెబ్బనుంచి కాపాడలేవు. జోడు తీసేసి ఆడమనే సలహాలో వున్న ప్రమాదం కూడా ఇదే.

క్రికెట్ బంతి పెద్దది గనుక, కంటికి తగిలినా చుట్టూ వున్న ఎముక కొంత అడ్డుకుంటుంది. షటిల్ కాక్ మొన వెడల్పు మూడు సెంటీమీటర్లు కూడా లేదు. అది తిన్నగా కంటిగుంటలోకే పోతుంది. అది వచ్చే వేగం ఎంత అంటారా? మన అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపానులో జరిపిన పరీక్షలో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కాక్‌ను కొట్టి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. ఆ వేగం రాకెట్టు దగ్గరే గాని వలదాటేసరికి వుండదు. అయినా, అల్లాంటి ఆటలో చూపు ఆనని పిల్లను వుత్తకళ్ళతో నిలబెట్టడం క్షేమమా? పగిలే గాజు అద్దాలూ ఆటకు పనికిరావు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో, చూపుకు తగిన పవరుతోనే ఆటల జోళ్ళు చేసి ఇస్తున్నారు. కూతురి కంటికి దెబ్బ తగులుతుందని భయపడిన ఆ తల్లి మాటలో న్యాయం వుంది. ఆమె భయానికి మందు ఆట మానిపించడంలో లేదు, ఈ జోడులో వుంది. నేను ఆ మాట ఆమెకే చెప్పాను. రెండు నెలలు ఆలోచించి కొని ఇచ్చింది.

ఈ సంవత్సరం అమ్మాయి జట్టులో ఆడింది. పతకం తెచ్చిందా అని అడుగుతారేమో. రెండో రౌండులో ఓడిపోయింది. తనను ఓడించిన అమ్మాయి వల దగ్గర తనకంటె బాగా ఆడిందని వచ్చి చెప్పింది. ఎక్కడ ఎల్లా ఓడిపోయిందో కళ్ళతో చూసి చెప్పగలిగింది గదా అని నాకు సంతోషమనిపించింది.

కళ్ళజోడు వున్నవాళ్ళు ఆటలకు పనికిరారనే మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. 1954లో జరోస్లావ్ డ్రాబ్నీ కళ్ళజోడుతోనే వింబుల్డన్ గెలిచాడు. బిల్లీ జీన్ కింగ్ జోడు పెట్టుకునే ప్రపంచంలో మేటి క్రీడాకారిణి అయింది. క్లైవ్ లాయిడ్ 1975 ప్రపంచకప్పు చివరి ఆటలో 102 పరుగులు చేసింది కళ్ళజోడుతోనే. మన నరేంద్ర హిర్వాణీ 1988 జనవరిలో మద్రాసులో తన మొదటి టెస్టులోనే వెస్టిండీస్ వారివి 16 వికెట్లు తీసినప్పుడు ముక్కుమీద జోడు వుంది. కంటిజబ్బు చేసిన ఎడ్గార్ డేవిడ్స్ అనే హాలెండు ఆటగాడు పట్టీ కట్టిన జోడుతో పుట్‌బాల్ మైదానాల్లో ఏళ్ళ తరబడి ఆడాడు.

మన బడుల్లో ఆటస్థలం అంచున కూర్చుని మిగతావాళ్ళ చెప్పులకూ, గడియారాలకూ కాపలా కాసే పిల్లలు కొందరు ఎప్పుడూ వుంటారు. వారిలో కళ్ళజోళ్ళవాళ్ళు ఎందరో ఈసారి లెక్కపెట్టి చూడండి. వాళ్ళకు ఆట ఇష్టం లేక కూర్చున్నారనుకోకండి. అడిగితే, "కనపడదండీ" అంటారు. ఎప్పుడు కనపడదు, ఆట మొదట్లోనా, చెమట పట్టిన తరవాతా అని రెండో ప్రశ్న కూడా అడగండి. మొదటినుంచీ కనపడకపోతే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. చెమట పట్టిన తరవాతనే అయితే కుళాయి దగ్గరికి తీసుకువెళ్ళాలి. ప్రతి బడిలోనూ దెబ్బలకు అయొడినూ, దూదీ వున్న పెట్టె ఒకటి వుంటుంది గదా! వ్యాయామోపాధ్యాయులు దాంట్లోనే చిన్న సబ్బుముక్కా, ఉతికిన నూలుగుడ్డా కూడా పెట్టి వుంచవలసిందిగా నా విన్నపం.